వదలని జ్వరం, గుండె కవాటం: పాఠకుల ప్రశ్నలకు డాక్టర్ జవాబులు

వానలు మొదలయ్యాక నాకు వచ్చే ఉత్తరాల్లో సగం జ్వరాల గురించే ఉంటాయి. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ గురించి ఈ శీర్షికలో ఇదివరకే రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని గుండెకు బాక్టీరియా సోకడం గురించి అడిగినవి. వాటికి విడివిడిగా కాకుండా ఒక్కచోటే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది. ఆ ఇంట్లో మనిషి ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

*ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా ఆయనకు 44 ఏళ్ళు, పత్తి, మిర్చి పండిస్తాం. ఐదు వారాలుగా సాయంత్రం కాగానే చలి, జ్వరం. రాత్రి చెమటలతో బట్టలు తడిసిపోతున్నాయి. మొదట ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ సూదులు వేశారు. తర్వాత పట్టణంలో రక్తపరీక్ష చేసి టైఫాయిడ్ అని చెప్పి, వారం రోజులు సెలైన్‌లో మందు ఎక్కించారు. తగ్గింది. కొద్ది రోజులకే మళ్ళీ వచ్చింది. మళ్ళీ టైఫాయిడ్ అనే చెప్పారు. మనిషి ఎనిమిది కిలోలు తగ్గాడు. ఇప్పుడు వరంగల్‌లో ఒక డాక్టర్ గుండె చప్పుడులో తేడా ఉందని, గుండెకు ఇన్ఫెక్షన్ కావచ్చని అన్నారు. మందులు ఆపించి, రెండు చేతుల నుంచి మూడుసార్లు సీసాల్లోకి రక్తం తీశారు. టూడీ ఎకోలో ఏమీ కనిపించలేదు. అయినా గొంతులోంచి గొట్టం వేసి మళ్ళీ చూడాలంటున్నారు. అసలే రక్తం తక్కువగా ఉన్న మనిషి, అంత రక్తం ఎందుకు తీశారు? ఎకో బాగానే ఉంటే మళ్ళీ పరీక్ష ఎందుకు? చిన్నప్పుడు ఆయనకు కీళ్ళు వాచి నడవలేకపోయేవాడని మా అత్తమ్మ చెబుతుంది.*

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ అత్తమ్మ చెప్పిన ఆ మాట డాక్టర్‌కు చేరిందా? చేరకపోతే వెంటనే చెప్పండి. వీలైతే ఆమెనే తీసుకెళ్ళి చెప్పించండి.

చిన్నతనంలో కీళ్ళు వాచడం చాలాసార్లు రుమాటిక్ జ్వరం (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత కీళ్ళను, గుండెను పట్టే జబ్బు) వల్ల జరుగుతుంది. కీళ్ళ నొప్పి మచ్చ మిగల్చకుండా పోతుంది. గుండె కవాటానికి (వాల్వుకు) తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోతుంది. కవాటం మందమై, గరుకుబారి, సరిగా మూసుకోకుండా ఏళ్ళ తరబడి అలాగే పనిచేస్తుంది. పొలం పని చేసుకునే మనిషికి తన గుండెలో అలాంటి కవాటం ఉందన్న సంగతే తెలియకపోవచ్చు.

మన నోట్లో, చర్మం మీద, పేగుల్లో బాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. చిగుళ్ళు పాడైన మనిషి గట్టిగా నమిలినా, పళ్ళు తోముకున్నా కొన్ని రక్తంలోకి వెళ్తాయి. ఆరోగ్యంగా ఉన్న గుండెలో వాటికి పట్టు దొరకదు, కాసేపట్లో రక్తం వాటిని ఊడ్చేస్తుంది. గరుకుబారిన కవాటం మీద మాత్రం చెరువు మెట్లకు పాకుడు పట్టినట్టు అంటుకుంటాయి. వాటి చుట్టూ రక్తపు గడ్డ, ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగులు) పేరుకుంటాయి. ఎకో రిపోర్టులో ‘వెజిటేషన్’ అని రాసేది దీన్నే. జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డయిటిస్. దీనికి కారణమయ్యే సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనవి నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ రకాలు, చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్, పేగుల్లో ఉండే ఎంటరోకాకస్. స్టాఫిలోకాకస్ అయితే రోజుల్లోనే మనిషిని పడగొడుతుంది. నోటి స్ట్రెప్టోకాకస్ వారాల తరబడి నెమ్మదిగా తినేస్తుంది. మీ ఆయన విషయంలో జరుగుతున్నది రెండో రకంలా ఉంది.

ఇక టైఫాయిడ్ సంగతి. మన దగ్గర టైఫాయిడ్ అని చెప్పడానికి ఎక్కువగా వాడేది వైడాల్ పరీక్ష. అది రక్తంలో టైఫాయిడ్ బాక్టీరియాను చూడదు, దానికి వ్యతిరేకంగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను చూస్తుంది. టైఫాయిడ్ తరచూ వచ్చే ప్రాంతంలో ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బు వల్ల, టీకా వల్ల, కొన్నిసార్లు వేరే జ్వరాల వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. ఒక్కసారి చేసిన వైడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదు. నా ముందుకు వచ్చే వదలని జ్వరాల ఫైళ్ళలో మొదటి కాగితం దాదాపు ఎప్పుడూ ఆ వైడాల్ రిపోర్టే. ఇది చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. ఆ ఒక్క కాగితం వల్ల రోగి నెల రోజులు పోగొట్టుకుంటాడు.

టైఫాయిడ్‌కు సెలైన్‌లో ఎక్కించే సెఫ్ట్రయాక్సోన్ అనే మందు కవాటం మీది స్ట్రెప్టోకాకస్ మీద కూడా పనిచేస్తుంది. అందుకే ఆ వారం రోజులు జ్వరం తగ్గింది. అందరూ జబ్బు నయమైందనుకున్నారు. కానీ వెజిటేషన్ లోపల దాగిన బాక్టీరియాను చంపడానికి వారం చాలదు. మందు ఆపగానే మిగిలినవి మళ్ళీ పెరిగాయి. యాంటీబయాటిక్ వాడినన్ని రోజులు తగ్గి, ఆపిన కొద్ది రోజులకు తిరిగి వచ్చే జ్వరాన్ని చూస్తే, ముఖ్యంగా బరువు కూడా తగ్గుతుంటే, గుండె మీద స్టెతస్కోప్ పెట్టి శ్రద్ధగా వినాలి. మీ వరంగల్ డాక్టర్ చేసింది అదే.

ఇప్పుడు రక్తం గురించి. ఆ పరీక్షను బ్లడ్ కల్చర్ అంటారు. ఈ జబ్బును పట్టుకోవడంలో దాన్ని మించినది లేదు. పెద్దవారిలో ఒక్కోసారి సుమారు 20 మిల్లీలీటర్లు తీసి రెండు సీసాల్లో పోస్తారు. ఒకటి గాలి ఉంటే పెరిగే బాక్టీరియా కోసం, మరొకటి గాలి లేకుండా పెరిగేవాటి కోసం. మూడుసార్లకు కలిపి సుమారు 60 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఒక్కసారికి 350 మిల్లీలీటర్లు తీస్తారు, కాబట్టి ఇది భయపడాల్సినంత కాదు. తక్కువ రక్తం తీస్తే అందులో బాక్టీరియా దొరికే అవకాశమే తగ్గిపోతుంది. మీ ఆయనకు రక్తం తక్కువగా ఉండటం కూడా చాలావరకు ఈ జబ్బు వల్లే కావచ్చు. జబ్బు తగ్గితే అదీ మెరుగుపడుతుంది.

మూడుచోట్ల ఎందుకంటే, మన చర్మం మీద మామూలుగా ఉండే బాక్టీరియా సూది వెంట సీసాలోకి వెళ్ళవచ్చు. ఒక్క సీసాలో ఏదో పెరిగితే అది చర్మానిదా, గుండెదా అన్న సందేహం వస్తుంది. వేర్వేరు చోట్ల తీసిన మూడింటిలోనూ ఒకే రకం పెరిగితే ఆ సందేహం ఉండదు. మంచి నర్సు ఈ రక్తం తీయడం మీరు గమనిస్తే తెలుస్తుంది. చర్మాన్ని మందుతో తుడిచి, అది పూర్తిగా ఆరేదాకా ఆగుతుంది. తుడిచాక నరం కోసం మళ్ళీ వేలితో తడమదు. సీసా మూత మీది రబ్బరును కూడా తుడుస్తుంది. ఆ అర నిమిషం ఓపిక మీదే రిపోర్టు నాణ్యత ఆధారపడి ఉంటుంది. తర్వాత సీసాలను మిషన్‌లో పెడతారు. బాక్టీరియా పెరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను అది పసిగడుతుంది. కొన్ని రకాల సీసాల్లో అడుగున ఉండే బిళ్ళ రంగు మారుతుంది. ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే బయటపడతాయి. అయినా ఐదు రోజులు చూసిగానీ నెగెటివ్ అని చెప్పరు. చలి వచ్చి జ్వరం పెరిగే దాకా రక్తం తీయకుండా ఆగనక్కరలేదు. ఈ జబ్బులో బాక్టీరియా రోజంతా రక్తంలోకి వస్తూనే ఉంటాయి.

మందులు ఆపించిన కారణం కూడా ఇదే. ఒంట్లో యాంటీబయాటిక్ ఉండగా రక్తం తీస్తే సీసాలో బాక్టీరియా పెరగకపోవచ్చు. కల్చర్ నెగెటివ్ రావడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ముందే వేసిన యాంటీబయాటిక్. అప్పుడు ఏ బాక్టీరియానో తెలియక, ఏ మందుకు లొంగుతుందో తెలియక, వైద్యం చీకట్లో చేయాల్సి వస్తుంది. అందుకే ఈ ఉత్తరం చదువుతున్న అందరికీ చెబుతున్నాను: వారం దాటిన జ్వరానికి యాంటీబయాటిక్ సూది వేయబోతున్నారంటే, ముందు బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయమని అడగండి. ఊళ్ళో సూదులు వేసే ఆర్‌ఎంపీలకు కూడా చేతులు జోడించి ఇదే చెబుతున్నాను. అయితే మందు ఆపాలా వద్దా అన్నది డాక్టర్ నిర్ణయించాలి, ఇంట్లో వాళ్ళు కాదు. మనిషి పరిస్థితి విషమంగా ఉంటే అప్పటికప్పుడు రక్తం తీసి, ఆ వెంటనే మందు మొదలుపెడతారు.

ఒక పని మీరే చేయండి. పగటి వెలుతురులో మీ ఆయన చేతులు చూడండి. కాకతీయ మెడికల్ కాలేజీలో మా ప్రొఫెసర్ ఒకరు, గుండె దగ్గరకు వెళ్ళే ముందు చేతులు చూడమనేవారు. గోళ్ళ కింద పుల్ల గుచ్చుకున్నట్టు సన్నని ఎర్రటి లేదా గోధుమరంగు నిలువు గీతలు ఉన్నాయా? మిర్చి కోసేవాళ్ళకు, పత్తి ఏరేవాళ్ళకు గోటి చివర దెబ్బ తగిలి ఇలాంటి గీతలు రావడం మామూలే. గోటి మధ్యలోనో మొదట్లోనో, చాలా వేళ్ళకు కనిపిస్తే డాక్టర్‌కు చూపించండి. వేళ్ళ చివర నొక్కితే నొప్పి పుట్టే చిన్న ఎర్రటి బుడిపెలు ఉన్నాయా? 1885లో లండన్‌లో ఈ జబ్బు మీద ప్రసిద్ధమైన ఉపన్యాసాలిచ్చిన విలియం ఆస్లర్ పేరుతో వాటిని ఆస్లర్ నోడ్స్ అంటారు. అరచేతుల్లో, అరికాళ్ళలో నొప్పిలేని ఎర్రటి మచ్చలు వస్తే వాటిని జేన్‌వే మచ్చలు అంటారు. కింది రెప్ప లాగి చూస్తే ఎర్రటి చుక్కలు కనిపించవచ్చు. ఇవేవీ లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు. చాలామందిలో ఉండవు. ఉంటే మాత్రం అవి చెప్పే విషయం చాలా పెద్దది.

ఇక గొంతులోంచి చేసే ఎకో. మామూలు టూడీ ఎకోలో పరికరాన్ని ఛాతీ మీద పెట్టి చూస్తారు. మధ్యలో పక్కటెముకలు, ఊపిరితిత్తులు అడ్డు వస్తాయి. సొంత కవాటం మీద ఉన్న వెజిటేషన్‌ను అది సుమారు నూటికి 70 మందిలోనే చూపగలదు. చిన్నవి తప్పించుకుంటాయి. అన్నవాహిక గుండె ఎడమ కర్ణికకు సరిగ్గా వెనుక, దాన్ని ఆనుకుని ఉంటుంది. అందులోకి సన్నని గొట్టం పంపితే కవాటం చాలా దగ్గరగా కనిపిస్తుంది. నూటికి 90 మందికి పైగా వెజిటేషన్ దొరుకుతుంది. కవాటం పక్కన చీముగడ్డ ఉన్నా, కవాటానికి రంధ్రం పడినా తెలుస్తుంది. దీన్ని టీఈఈ అంటారు. పరీక్షకు ముందు సుమారు ఆరు గంటలు ఏమీ తినకూడదు. కట్టుడు పళ్ళుంటే తీసేయాలి. గొంతులో మొద్దుబారే మందు కొట్టి, మగతకు సూది వేసి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. గొట్టం మింగేటప్పుడు ఓకరింత వస్తుంది, కొద్ది నిమిషాల తర్వాత సర్దుకుంటుంది. గొంతు మొద్దు వదిలేదాకా నీళ్ళు కూడా ఇవ్వకండి. ఇందులోనూ ఏమీ కనపడక, అనుమానం మాత్రం బలంగా ఉంటే ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్ళీ చేస్తారు. ‘మళ్ళీ మళ్ళీ పరీక్షలు రాస్తున్నారు’ అని అనుకోకండి. వెజిటేషన్ పెరిగేకొద్దీ నిన్న కనపడనిది వారం తర్వాత కనపడుతుంది.

ఈ జబ్బును ఏ ఒక్క పరీక్షా తేల్చదు. 1994లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు ఒక పద్ధతి తయారుచేశారు. 2000లో, మళ్ళీ 2023లో దాన్ని సవరించారు. కల్చర్‌లో తగిన బాక్టీరియా దొరకడం, ఎకోలోనో స్కాన్‌లోనో కవాటం మీద ఇన్ఫెక్షన్ కనిపించడం పెద్ద ఆధారాలు. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, ముందే దెబ్బతిన్న కవాటం, నేను పైన చెప్పిన చేతి గుర్తుల వంటివి చిన్న ఆధారాలు. రెండు పెద్దవి ఉన్నా, ఒక పెద్దది మూడు చిన్నవి ఉన్నా, పెద్దవి లేకపోయినా ఐదు చిన్నవి ఉన్నా జబ్బు ఖాయం. అందుకే మీ అత్తమ్మ మాట ముఖ్యమన్నాను. ఎకోలో కవాటానికి పాత దెబ్బ ఉందని తేలితే అదొక ఆధారం అవుతుంది.

ఈ రోజుల్లో కొన్ని విషయాలు కనిపెట్టి ఉండండి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలూ చేయీ పడిపోయినా వెజిటేషన్ ముక్క ఒకటి విరిగి మెదడుకు వెళ్ళిందని అర్థం. అప్పుడు పసరు మందని బయలుదేరకండి, అదే నిమిషంలో డాక్టర్‌కు చెప్పండి. పడుకుంటే ఆయాసం రావడం, ఎడమ డొక్కలో హఠాత్తుగా నొప్పి, మూత్రం ఎర్రగా రావడం కూడా వెంటనే చెప్పాల్సినవే. రోజూ ఈసీజీ తీస్తుంటే ఎందుకని అడగకండి. కవాటం పక్కన చీము పట్టి గుండె కరెంటు దారి దెబ్బతింటుంటే ఆ సన్నని మార్పు ముందుగా ఈసీజీలోనే కనపడుతుంది.

*ప్రశ్న: మాది మహబూబాబాద్ జిల్లా. మా నాన్నకు ఈ గుండె ఇన్ఫెక్షన్ అని హైదరాబాద్‌లో చేర్చాం. రెండు వారాలైంది. జ్వరం లేదు, తింటున్నాడు, నడుస్తున్నాడు. ఇంకా నాలుగు వారాలు సూదులు వేయాలంటున్నారు. ఇంటి దగ్గర పనులన్నీ ఆగిపోయాయి. మాత్రలు రాయించుకుని వచ్చేయవచ్చా?*

జవాబు: తమ్ముడూ, రావద్దు. పనులు ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు, పొలం ఉన్న ఇంటి నుంచి వచ్చినదాన్నే. కానీ జ్వరం తగ్గడం వేరు, బాక్టీరియా చావడం వేరు. వెజిటేషన్‌లో రక్తనాళాలు ఉండవు. తెల్లకణాలు లోపలికి చేరలేవు. లోపలి బాక్టీరియా దాదాపు నిద్రపోతున్న స్థితిలో ఉంటాయి, నిద్రపోతున్నవాటి మీద పెన్సిలిన్ లాంటి మందులు సరిగా పనిచేయవు. అందుకే ఎక్కువ మోతాదు, నరంలోకి, నాలుగు నుంచి ఆరు వారాలు. ఆ లెక్క కూడా ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి కాదు. మందు మొదలయ్యాక మళ్ళీ చేసిన కల్చర్ నెగెటివ్ వచ్చిన రోజు నుంచి లెక్కపెడతారు. పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు ఎవరూ బతకలేదు. 1940ల నుంచే బతకడం మొదలైంది. అదీ పూర్తి కోర్సు వాడినవాళ్ళే.

మాత్రల మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను. డెన్మార్క్‌లో 400 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. కనీసం పది రోజులు నరంలోకి మందు ఇచ్చి, పరిస్థితి నిలకడగా ఉందని తేలిన కొందరికి మిగతా కోర్సు మాత్రలతో పూర్తిచేశారు. ఫలితాలు సూదులకు తీసిపోలేదు. అయితే వాళ్ళలో ఏ బాక్టీరియానో కల్చర్‌లో తేలింది, గొంతు ఎకోతో చీముగడ్డ లేదని చూశారు, వారానికి రెండు మూడుసార్లు ఆసుపత్రికి పిలిచి పరీక్షించారు. మీ నాన్నగారికి అది కుదురుతుందా అని అక్కడి డాక్టర్‌ను అడగడంలో తప్పులేదు. ఆయన వద్దంటే ఉండిపోండి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తుంటే కిడ్నీ పరీక్షలు, క్రియాటినిన్ చేస్తున్నారో లేదో కూడా అడగండి. గుండె వైఫల్యం వచ్చినా, మందుకు లొంగకపోయినా, పెద్ద వెజిటేషన్ నుంచి ముక్కలు విరుగుతున్నా కోర్సు మధ్యలోనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

*ప్రశ్న: మా అమ్మకు తొమ్మిదేళ్ళ క్రితం లోహపు వాల్వు వేశారు. ఇప్పుడు పన్ను పుచ్చి, తీయించాలి. పరకాలలో పళ్ళ డాక్టర్ గుండె డాక్టర్‌ను అడిగి రమ్మన్నారు. రక్తం పలచబడే మాత్ర ఆపాలా?*

జవాబు: మీ పళ్ళ డాక్టర్ మంచి పని చేశారు. కృత్రిమ కవాటం ఉన్నవారికి, ఇంతకుముందు ఈ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవారికి, పుట్టుకతో వచ్చే కొన్ని రకాల గుండెజబ్బులున్నవారికి పన్ను తీసే ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు తప్పకుండా ఇవ్వాలి. సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్ళలు నాలుగు, పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు ఒకేసారి. పెన్సిలిన్ పడదని మీ అమ్మకు ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ విషయం ముందే చెప్పండి, వేరే మందు ఉంటుంది.

రక్తం పలచబడే మాత్రను మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకండి. లోహపు వాల్వు మీద గడ్డ కట్టిందంటే అది పన్ను నుంచి రక్తం కారడం కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. ముందు రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి ఆ కాగితం గుండె డాక్టర్‌కు చూపించండి. పరిమితిలో ఉంటే మాత్ర ఆపకుండానే పన్ను తీసి, కుట్టువేసి, గుడ్డ కరిపించి రక్తం ఆపుతారు.

రుమాటిక్ జ్వరం వల్ల కవాటం దెబ్బతిన్నా మార్పిడి జరగనివారి సంగతి వేరు. అమెరికా, ఐరోపా మార్గదర్శకాలు వారికి ఈ ముందస్తు మోతాదు అవసరమని చెప్పవు. మన దేశంలో కొందరు డాక్టర్లు ఇస్తారు. మీ డాక్టర్ ఏది చెబితే అది పాటించండి. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది రోజూ రెండుపూటలా పళ్ళు శుభ్రంగా తోముకోవడం, గుట్కా, తంబాకు మానడం, ఏడాదికి ఒక్కసారైనా పళ్ళ డాక్టర్‌కు చూపించడం. ఏడాదికోసారి పన్ను తీయించినప్పుడు కాదు, పాడైన చిగుళ్ళతో రోజూ అన్నం తిన్నప్పుడు బాక్టీరియా రక్తంలోకి వెళ్ళే సందర్భాలే ఎక్కువ.

*ప్రశ్న: హుజూరాబాద్ దగ్గర మా ఊరు. మా పాపకు 12 ఏళ్ళు. మోకాళ్ళు నొప్పులంటే రక్తపరీక్ష చేశారు. ఏఎస్ఓ ఎక్కువగా ఉందని, గుండెకు ఇన్ఫెక్షన్ పాకిందని, 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయాలని చెప్పారు. పాప ఆడుకుంటూనే ఉంటుంది. నిజంగా గుండెజబ్బేనా?*

జవాబు: ఏఎస్ఓ ఒక్కటి చూసి గుండెజబ్బు అని చెప్పడం సరికాదు. ఈ మధ్య ఎప్పుడో గొంతుకు స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే ఆ పరీక్ష చెబుతుంది. ఆరోగ్యంగా ఉన్న బడిపిల్లల్లో చాలామందికి ఎక్కువే ఉంటుంది. రుమాటిక్ జ్వరంలో బాక్టీరియా గుండెలోకి పాకదు. గొంతులోని బాక్టీరియా మీద యుద్ధానికి తయారైన రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత గుండె మీద, కీళ్ళ మీద పడుతుంది. పై ఉత్తరాల్లో చెప్పిన ఇన్ఫెక్షన్‌కూ దీనికీ తేడా ఇదే. రుమాటిక్ జ్వరం ముందు వచ్చి కవాటాన్ని పాడుచేస్తే, ఏళ్ళ తర్వాత ఆ ఇన్ఫెక్షన్ రావచ్చు.

దీన్ని తేల్చడానికి 1944 నుంచి జోన్స్ ప్రమాణాలున్నాయి. పెద్ద కీళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వాచి ఎర్రబడటం, గుండె వాపు, చర్మం మీద వలయాలు, చర్మం కింద బుడిపెలు, చేతులు కాళ్ళు తన ప్రమేయం లేకుండా మెలికలు తిరగడం పెద్ద లక్షణాలు. చివరిదాన్ని చూసి గాలి సోకిందని పిల్లను తాయెత్తులకు తిప్పేవాళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. అది జబ్బు. వెంటనే ఎకో చేయించాలి.

మీ పాపకు వాపు లేకుండా సాయంత్రాలు నొప్పులు మాత్రమే అయితే, అది ఎదిగే వయసు నొప్పి కావచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించి, ఎకో ఒకసారి చేయించండి. నిజంగా రుమాటిక్ జ్వరమని తేలితే మాత్రం ఆ సూది ఒక్కటి కూడా తప్పించకండి. గుండెకు దెబ్బ లేకపోతే ఐదేళ్ళు లేదా 21 ఏళ్ళ వయసు వచ్చేదాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. కవాటం దెబ్బతిని ఉంటే పదేళ్ళు లేదా 40 ఏళ్ళ వయసు దాకా. పెళ్ళి సంబంధం వచ్చిందని, సూది సంగతి బయటపడుతుందని ఆడపిల్లలకు మధ్యలో ఆపేయడం నేను చాలా చూశాను. అలా ఆపితే కాన్పు సమయానికి ఆ పిల్ల ఆయాసంతో వస్తుంది.

*ప్రశ్న: కరీంనగర్‌లో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. మెడ దగ్గర గొట్టం ఉంది. రెండుసార్లుగా డయాలసిస్ మొదలైన గంటకు వణుకు వచ్చి జ్వరం వస్తోంది. పారాసిటమాల్ వేసుకుంటే తగ్గుతోంది. ఫర్వాలేదా?*

జవాబు: ఫర్వాలేదని అనుకోకండి. ఇది చదవగానే బయలుదేరండి. ఆ గొట్టంలో బాక్టీరియా చేరి, డయాలసిస్ రక్తంతో పాటు ఒంట్లోకి వెళ్తుండవచ్చు. గొట్టాల మీద ఎక్కువగా ఉండేది స్టాఫిలోకాకస్, అది మామూలుగా ఉన్న కవాటాన్ని కూడా పట్టగలదు. గొట్టం నుంచి ఒకసారి, చేతి నుంచి ఒకసారి కల్చర్‌కు రక్తం తీయాలి, ఆ తర్వాతే మందు. అందులో స్టాఫిలోకాకస్ ఆరియస్ వస్తే ఎకో తప్పనిసరి, గొట్టం తీసేయాల్సి రావచ్చు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతి రక్తనాళాలను కలిపే ఆపరేషన్) వేయించుకోవడం వాయిదా వేస్తుంటే ఇక ఆలస్యం చేయకండి.

*ప్రశ్న: ములుగు జిల్లా. మాకు మేకల మంద ఉంది. జంతువుల నుంచి గుండెకు జబ్బు వస్తుందని ఎక్కడో విన్నాను, నిజమేనా?*

జవాబు: అరుదు, కానీ నిజం. క్యూ ఫీవర్, బ్రూసెల్లోసిస్ అనే రెండు జబ్బులు మేకలు, గొర్రెలు, పశువుల నుంచి మనుషులకు వస్తాయి. ముందే దెబ్బతిన్న కవాటం ఉన్నవారిలో, కృత్రిమ కవాటం ఉన్నవారిలో ఇవి గుండెలో స్థిరపడగలవు. క్యూ ఫీవర్ బాక్టీరియా మామూలు కల్చర్ సీసాలో పెరగదు, దాన్ని యాంటీబాడీ పరీక్షతో పట్టుకుంటారు. బ్రూసెల్లా నెమ్మదిగా పెరుగుతుంది, పైగా ప్రయోగశాలలో పనిచేసేవారికి కూడా సోకగలదు కాబట్టి అనుమానం ఉన్నట్టు వారికి ముందే తెలియాలి. మేక ఈనేటప్పుడు, ఈచుకుపోయినప్పుడు మాయను, ద్రవాలను వట్టి చేతులతో తీయకండి. చేతి తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మాయను లోతుగా పూడ్చండి. పాలు కాచకుండా తాగకండి, పిల్లలకు ఇవ్వకండి. రెండు వారాలు దాటిన జ్వరంతో ఎప్పుడైనా ఆసుపత్రికి వెళ్తే, డాక్టర్ అడగకపోయినా, ఇంట్లో మేకలున్నాయని, వాటిలో ఈమధ్య ఈచుకుపోయినవి ఉన్నాయా లేదా అన్నది మీరే చెప్పండి.